నీళ్లొదులుకున్న మనిషి

ఆదివారం మధ్యాహ్నం పన్నెండుంపావుకి, మాల్‌ మూడో అంతస్తు అక్వేరియంలో, మోటార్లకి వైండింగు కట్టే సన్యాసిరావుని రూలు ప్రకారం ఆరో నంబరు ట్యాంకులోకి దించారు. ఇందులో వింతేమీ లేదు. చేపలు ఓ పట్టాన బతకడం లేదని యాజమాన్యం రెండేళ్ల కిందటే వాటిని తెప్పించడం మానేసింది. అప్పట్నుంచీ ఇంటివాళ్లు నీళ్లొదులుకున్న మనుషుల్నే తెచ్చి నీళ్లలో పెడుతున్నారు. గుమ్మం దగ్గర బోర్డు మీద అంతా రాసే ఉంది. చదివిన పాపాన పోయినవాడు లేడు.

తప్పు ఎక్కడ జరిగిందీ అంటే టికెట్ల దగ్గర. అక్కడి అమ్మాయి వచ్చిన ప్రతివాళ్లనీ రెండు ప్రశ్నలు అడుగుతుంది. "బ్యాగులో తినే వస్తువులున్నాయా? వెంట ఉన్నవాళ్లలో ఎవరి మీదైనా నీళ్లొదులుకున్నారా?" రెండూ ఒకే గొంతుతో. సన్యాసిరావు భార్య నూకరత్నం అప్పుడు పులిహోర డబ్బా కొంగు కింద దాచే పనిలో ఉంది. తలెత్తకుండానే మొగుడి వైపు గెడ్డం ఎగరేసి, "ఈయన మీదా? ఎప్పుడో!" అంది. లైన్లో వెనకాల వాళ్లు నవ్వారు. సన్యాసిరావూ నవ్వాడు. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. తేదీ గడిలో 'ఎప్పుడో' అని రాసి ముద్ర గుద్దింది.

"ఇదిగో అమ్మాయ్, మాటవరసకన్నాను," అంది నూకరత్నం.

"ఇక్కడ మాటవరస ఉండదమ్మా, రాతవరసే."

సన్యాసిరావు పెద్దగా గొడవ చెయ్యలేదు. ఏమని చేస్తాడు? కాలిపోయిన మోటారు పట్టుకొచ్చిన ప్రతివాడికీ "దీని మీద నీళ్లొదులుకో గురూ" అని రోజుకి పదిసార్లు చెప్పే నోరే అది. చెప్పులు విడిచి, వాచీ, ఫోనూ కవర్లో వేసి ఇచ్చాడు. మొదటి పావుగంట ఊపిరాడదనీ, పెళ్లయిన మగాళ్లకి ఆ మాత్రం అలవాటే ఉంటుందనీ సూపర్‌వైజరు ధైర్యం చెప్పాడు. అన్నట్టుగానే పావుగంటకి సర్దుకుంది.

లోపల ప్లాస్టిక్ కొమ్మ పక్కన లెక్కల మాస్టారు కూర్చుని ఉన్నాడు. ఏడో తరగతిలో "నీ మీద నీళ్లొదులుకున్నాన్రా" అని సన్యాసిరావుని బడి మాన్పించిన మాస్టారే. గుర్తుపట్టి, కాస్త పక్కకి జరిగాడు. బయట అద్దం మీద కొత్త చీటీ అతికించారు. 'ఇంటిపెద్ద. మగ. తిండి: ఏది పెడితే అది. కరవదు.'

వెనక్కి తీసుకెళ్లే దారి లేకపోలేదు. అదేరోజు సాయంత్రం ఆరులోపు నాలుగో కిటికీలో ఫారం ఇవ్వాలి. ఫారంలో ఒకటే గడి: 'ఏ కారణంతో తిరిగి కావలెను?' ఆరు దాటితే మళ్లీ ఆదివారమే. ఆ కిటికీ ఆరో ట్యాంకు ఎదురుగానే ఉంది. అక్కడి మాటలు లోపలివాళ్లకి వినబడేలా స్పీకరు కూడా పెట్టారు, కాలక్షేపానికి. లోపలి మాటలు బయటికి వినబడే స్పీకరుకి మాత్రం ఇంకా బడ్జెట్టు రాలేదు.

లైను తరిగి నూకరత్నం, కూతురు చంద్రిక కిటికీ దగ్గరికి చేరేసరికి ఆరుకి పది నిమిషాలుంది. నూకరత్నం గడిలో 'నా మొగుడు' అని రాసింది.

"అది సంబంధమమ్మా, కారణం కాదు," అన్నాడు గుమస్తా.

"మొగుడన్నాక మళ్లీ కారణమేటి బాబూ?"

"ఇలాగే పంపితే పైవాళ్లు కొర్రీ వేస్తారు."

"మోటార్లు బాగుచేస్తాడని రాయమ్మా," అంది చంద్రిక.

"మనింట్లో మోటారు కాలిపోయి ఏడాదైంది కదే! అబద్ధం రాసి సంతకం పెట్టమంటావా?"

"పోనీ, ప్రేమ అని రాయొచ్చాండీ?" అని చంద్రిక గుమస్తాని అడిగింది.

"రాయొచ్చమ్మా. ఇద్దరు సాక్షులు సంతకాలు పెట్టాలి."

తల్లీకూతుళ్లు లైన్లో వాళ్ల వైపు చూశారు. లైన్లో వాళ్లు ఫోన్ల వైపు చూశారు.

అద్దం వెనక సన్యాసిరావు తనూ ఆలోచిస్తున్నాడు. నలభై ఎనిమిదేళ్ల మనిషికి ఒక్క కారణం. బరువులెత్తడమా? గ్యాసుబండ కుర్రాడే పైకి తెచ్చి పెడతాడు. కబుర్లా? టీవీ ఉంది. ఆరుకి మూడు నిమిషాలుందనగా తట్టింది. రేషను! నూకరత్నం వేళ్లు అంట్లు తోమి తోమి అరిగిపోయి, మిషను తీసుకోదు. చంద్రిక పేరు ఇంకా కార్డులోకి ఎక్కలేదు. ఆ ఇంట్లో పనిచేసే వేలిముద్ర తనదొక్కటే!

"వేలిముద్రే! వేలిముద్రని రాయవే!" అని అరిచాడు. బుడగలొచ్చాయి. అద్దం బాదాడు. నూకరత్నం తిరిగి చూసింది. సన్యాసిరావు కుడిచేతి బొటనవేలు పైకెత్తి, అద్దానికి ఆనించి గట్టిగా నొక్కాడు.

నూకరత్నం మొహం తేటపడింది. మధ్యాహ్నం నించీ ఆవిడ ఊపిరి తీసుకున్నది అప్పుడే.

"బాగానే ఉన్నానంటున్నాడే మీ నాన్న," అంది. తనూ బొటనవేలు ఎత్తి చూపించింది. చంద్రిక కూడా చూపించి, ఫొటో తీసింది. గుమస్తా కిటికీ మూశాడు.

పై ఆదివారం మళ్లీ వచ్చారు. కారణం గడి ఖాళీగానే ఉంది. రేషను ఇవ్వలేదని డీలరుని తిట్టిపోస్తూ నూకరత్నం అద్దం ముందు నిలబడింది. "మీ ఒంటికి నీళ్లు పడ్డాయండీ, రంగు తేలారు," అంది. సన్యాసిరావు మళ్లీ బొటనవేలు నొక్కాడు. ఆవిడ మళ్లీ నవ్వింది. "నిశ్చింతగా ఉన్నాడు. ఇంట్లో ఉన్నప్పుడు ఒక్కరోజైనా ఇలా వేలెత్తి చూపించాడా?"

నాలుగో ఆదివారానికి నీళ్లలో నాని నాని వేలి మీద గీతలు చెరిగిపోయాయి. అద్దం మీద ముద్ర పడలేదు. ఒక్కగానొక్క కారణమూ అలా కరిగిపోయింది. అయినా నూకరత్నం కనబడగానే చెయ్యి దానంతటదే లేచింది. ఎందుకు లేచిందో ఆలోచిస్తూ సన్యాసిరావు పక్కకి చూశాడు. మాస్టారు చూడ్డానికొచ్చిన తన కొడుకు వైపు బొటనవేలు ఎత్తి ఉన్నాడు. ఐదో ట్యాంకులోనూ, ఏడో ట్యాంకులోనూ మగాళ్లందరూ వరసగా బొటనవేళ్లు ఎత్తే ఉన్నారు.

అద్దానికి ఇవతల కుటుంబాలన్నీ తృప్తిగా తామూ బొటనవేళ్లు చూపించి, లిఫ్టు వైపు నడిచాయి.