మేడ మీద మేనత్త

చిత్తూరు బజారువీధిలో పరుపుల అంగడి నడిపే వలి బాషా ఆ ఆదివారం షట్టరు తీయదలచుకోలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకోవాలి, తిరుపతి బస్సెక్కాలి, కూతురింట్లో ఉన్న భార్య సుభాన్‌బీని మ్యాట్నీకి తీసుకుపోవాలి. అంతే ఆయన ఆలోచన.

కూతురు బుష్రా కాన్పుకని వెళ్ళిన సుభాన్‌బీ, పాపకు పళ్ళొస్తున్నా తిరిగి రాలేదు. అంగడి నిండా పరుపులే, ఆయనకు మాత్రం నిద్ర లేదు. ఆమె నవ్వు వినబడని ఇల్లు ఇల్లులా లేదు. పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ ‘మేడ మీద మేనత్త’ అనే దెయ్యం సినిమా చూశారు. భయపెట్టడానికి వచ్చి, తెల్లచీర మేకుకు చిక్కుకుంటే, “కాస్త విడిపించు నాయనా” అని హీరోనే బతిమాలుకునే దెయ్యం. ఆ రోజు సుభాన్‌బీ నవ్విన నవ్వుకు ముందు వరుసలవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. అంతటి నవ్వు ఆయన మళ్ళీ వినలేదు. ఇప్పుడు అదే సినిమాను కొత్తవాళ్ళతో మళ్ళీ తీశారని, తిరుపతిలో ఆడుతోందని తెలియగానే, పక్కంగడి గిరి చేత ఫోన్లో రెండు టికెట్లు తీయించాడు.

బయలుదేరే ముందు ఫోన్ చేస్తే అల్లుడు ఉబేద్ ఎత్తాడు.

“మేనత్త మళ్ళా వచ్చిందబ్బాయ్! మీ అత్తను తయారుగా ఉండమను. నేను వస్తా ఉండా,” అని పెట్టేశాడు మామ.

ఉబేద్‌కు చెమటలు పట్టాయి. అతనికి నిజంగానే ఒక మేనత్త ఉంది. పేరు ఖాసింబీ, ఊరు ఏర్పేడు. పాపకు పేరు పెట్టిన రోజు విందులో తన పళ్ళెంలోకి అన్నీ ఎముకలే వచ్చాయని అలిగి మాటలు మానేసింది. ఆమె చిత్తూరు పోయి మామ దగ్గర పంచాయతీ పెట్టిందనుకున్నాడు. వెంటనే ఏర్పేడులో ఆమె కొడుక్కు ఫోన్ కొట్టి, “మీ అమ్మను వెనక్కి పిలిపించుకో అన్నా, చిత్తూరులో మా పరువు తీస్తా ఉండాది,” అన్నాడు.

ఫోనెత్తింది కొడుకు కాదు. ఇంట్లోనే కూర్చొని బియ్యంలో రాళ్ళేరుతున్న ఖాసింబీ. ఆమె ఫోన్ పెట్టేసింది. చేట పక్కన పెట్టి, ముఖానికి పౌడరు రాసుకొని తిరుపతి బస్సెక్కింది.

వలి బాషా చేరేసరికి ఖాసింబీ నట్టింట్లో కుర్చీ వేసుకొని కూర్చుంది. అప్పటికే భోజనం పెట్టారు. బుష్రా ఒక్క ఎముక లేకుండా ఏరి మరీ వండింది. అయినా ఆమె అలక దిగలేదు, మిగతావాళ్ళు తలెత్తలేదు. ఎండలోంచి వచ్చిన వలి బాషాకు ఇవేవీ కనబడలేదు. వాకిట్లోంచే కేక వేశాడు.

“ఏం మే, ఇంకా తయారు కాలేదా? పాత మేనత్తను సూసినాం గదా, ఈ కొత్తదాన్నీ సూద్దాం రా! మొగానికి పౌడరు ఎక్కువంట, సూస్తే నవ్వు ఆగదంట!”

ఖాసింబీ లేచి నిలబడింది. “బాగా సూడు బాషా భాయ్. ఈడనే ఉండాను.”

టికెట్లూ పోస్టరూ ఫోన్లో చూపించి, అందరూ కలిసి చెప్పగా చెప్పగా ఆమెకు సంగతి అర్థమైంది. కోపం మాత్రం సగమే దిగింది. “అట్లయితే నేనూ వస్తా. మేనత్తల మీద ఏం తీసినారో సూడల్ల.”

ఉబేద్ ఇంకో రెండు టికెట్లు తీసి వెంట నడిచాడు. హాల్లో ఖాసింబీ వచ్చి సరిగ్గా మొగుడూ పెళ్ళాల మధ్య కూర్చుంది.

కొత్త దెయ్యం జీన్స్ వేసుకుంది. జుట్టు తెరంతా పరచుకుంది. బియ్యం మిల్లులో కూర్చున్నంత మోత. చీరా లేదు, మేకూ లేదు. వలి బాషా తెర వదిలేసి, ఖాసింబీ భుజం మీదుగా మెడ సాచి భార్యనే చూస్తున్నాడు. సుభాన్‌బీ చెంపకు చేయి ఆనించుకొని కూర్చుంది. పెదవి కూడా కదల్లేదు.

ఇంటర్వెల్‌లో టీ తెచ్చి మెట్ల మీద ఆమె పక్కన నిలబడ్డాడు.

“పాతదే పాతది మే. ఆ మేకు సీనే తీసేసినారు. దానికే గదా నువ్వు అంత నవ్వినావు.”

“మేకు సీనా? నేను సినిమా యాడ సూసినా? నిన్ను సూసినా. దెయ్యం వచ్చినప్పుడల్లా కండ్లు మూసుకొని నా బురఖా కొస మొగాన కప్పుకుంటివి. పెండ్లిసూపుల్లో మీసం తిప్పినోడు ఈయనేనా అని నవ్వు ఆగలా.”

అన్నేళ్ళుగా పరుపు కొనవచ్చిన ప్రతివాడికీ ఆయన ఆ సినిమా కామెడీ గురించి చెప్పి పంపాడు.

“ఇప్పుడు నువ్వు బెదర్లేదు. అందుకే నాకు నవ్వు రాలా,” అంది ఆమె.

“బెదురు ల్యాకేం,” అన్నాడు గొంతు తగ్గించి. “తలుపు తీస్తే ఇంట్లో ఎవురూ పలకరు. నువ్వు ఈడనే ఉండిపోతావేమోనని దినామూ బెదురే.”

సుభాన్‌బీ ఆయన చేతిలోని టీ తీసుకొని ఒక గుక్క తాగి, మళ్ళీ ఆయనకే ఇచ్చింది. “నాకు మాత్రం ఈడ నిద్ర పడతా ఉండాదా? పాపను ఎవురు సూసుకుంటారు, చెప్పు.”

“నేను సూసుకుంటా.” వెనక ఉబేద్ కొనిచ్చిన పాప్‌కార్న్ నములుతూ ఖాసింబీ! “బుష్రా కూర బాగా చేస్తాది. మీరిద్దరూ ఇప్పుడే బస్సుకు పోండి. పాప బడికి పొయ్యేదాకా నేను ఈడనే ఉంటా. రేయ్ ఉబేదూ, రేపు నా బట్టల పెట్టె తెచ్చెయ్.”

సుభాన్‌బీ గబగబా మెట్లు దిగింది. వలి బాషా రెండో సగం సంగతే మరిచిపోయి బస్టాండు వైపు నడిచాడు, ఆమె చేయి పట్టుకొని.

కొత్త సినిమాలో భయమన్నది మచ్చుకైనా లేదని హాల్లోంచి వస్తూ అందరూ పెదవి విరిచారు. మేనత్త పక్కన నడుస్తున్న ఉబేద్ మాత్రం ఒప్పుకోలేదు.