రెండు మిషన్లు, ఒక చెయ్యి

దేశచరిత్రలో మొట్టమొదటిసారిగా రెండు రక్తయంత్రాలను ప్రజల సమక్షంలో పోల్చి చూస్తామని రక్తసమన్వయ శాఖామాత్యులు ప్రకటించారు. తిరువళ్ళూరు మురిసిపోయింది. పొదటూరుపేట నేతగాడు దొరస్వామి అందరికన్నా ముందే ఆసుపత్రికి వచ్చి, చొక్కా చేయి పైకి మడిచి, రెండు యంత్రాల నడుమ మంచం మీద పడుకున్నాడు. పై అంతస్తులో అతని కూతురు నివేదకు డెంగీ. పొద్దుగూకేలోగా ప్లేట్‌లెట్లు ఎక్కించాలని డాక్టరు చెప్పాడు.

నర్సు శోభన మైకందుకుంది. "ఈ మిషను రక్తం లోపలికి తీసుకొని, ప్లేట్‌లెట్లు ఒక సంచీలోకి, ప్లాస్మా ఒక సంచీలోకి వేరు చేస్తాదయ్యా. మిగిలింది ఇచ్చినోళ్ళకే తిరిగి ఎక్కిస్తాది."

మంత్రిగారి ముఖం వాడింది. "తీసుకున్నది తిరిగి ఇచ్చేస్తాదా? రెండోదో?"

"అదీ ఇస్తాదయ్యా."

"ఏది తక్కువ ఇస్తాదో చూసి చెప్పమ్మా."

చప్పట్లు మోగాయి. పిమ్మట ఏ యంత్రం పక్కన మంత్రిగారు పొడుగ్గా కనిపిస్తారో ఫొటోగ్రాఫరు నిర్ధారించాడు. ఏది తక్కువ రొద చేస్తే ఉపన్యాసం ఎక్కువ వినిపిస్తుందో మైకువాడు నిర్ధారించాడు.

దొరస్వామి మెల్లగా అడిగాడు. "సిస్టర్, సూది ఎప్పుడు గుచ్చుతారు?"

"కిట్ లేదన్నా. ట్యూబులూ సంచీలూ తిరుత్తణి ఆసుపత్రిలో ఉండాయి."

"ఆడ మిషను?"

"మిషను లేదు. పోయినేడు అయ్యగారు ఆడ కిట్లను పోల్చినాడు గదా."

పోగు లేని మగ్గమని దొరస్వామికి తెలిసిపోయింది. మంచం దిగి మంత్రిగారి కాళ్ళ మీద పడ్డాడు. "అయ్యా, నా బిడ్డ!"

మంత్రిగారు కెమెరాల వైపు తిప్పి అతణ్ణి లేవనెత్తారు. కళ్ళు తుడుచుకున్నారు. కుడివైపు పీఏ చెవిలో ఒక మాట, ఎడమవైపు పీఏ చెవిలో ఒక మాట చెప్పారు. ఇద్దరూ ఫోన్లు పట్టుకొని చెరో దిక్కుకు పరుగెత్తారు. ప్రభుత్వం ఇంత వేగంగా కదలడం ఆ ఊరు ఎన్నడూ చూడలేదు.

నిమిషాల్లో మిషన్లు తిరుత్తణి పోయే వ్యానెక్కాయి. గతుకులకు అదరకుండా వాటిని చెరో చేత్తో పొదివి పట్టుకొని దొరస్వామీ ఎక్కాడు. పాండూరు దాటగానే ఎదురుగా సైరన్ మోగిస్తూ ఒక వ్యాను దూసుకుపోయింది. డ్రైవరు గుణ చేయి ఊపాడు.

"ఎవురప్పా అది?"

"మనోళ్ళే మామా. తిరువళ్ళూరుకు కిట్లు ఎత్తుకొని పోతాండారు. నీ బిడ్డ కోసమేనంట."

"అయ్యో! తిప్పు నాయనా, వాళ్ళ ఎనకాలే పో!"

గుణ మంచివాడు. మారు మాట్లాడకుండా బండి తిప్పాడు. కొంచెం దూరం పోయారో లేదో, అదే సైరన్ మళ్ళీ ఎదురై, ఆగకుండా తిరుత్తణి వైపు దూసుకుపోయింది. మిషన్లు వెళ్ళిన చోటికే కిట్లను చేర్చమని వాళ్ళకు ఆర్డరు వచ్చిందట.