నిద్రాజనకం అను మాటకు ఉదాహరణ

భాషకు పట్టిన బూజు దులపడానికి భాషాశాఖ మంత్రిగారు స్వయంగా నడుం బిగించారని పాఠకులకు మనవి చేయడానికి గర్విస్తున్నాను. ఇంతవరకూ ఏ మంత్రీ నిఘంటువు ముట్టుకున్న పాపాన పోలేదు. మన మంత్రిగారు ముట్టుకోవడమే కాదు, అందులో ఒక మాట చదివారు కూడా.

ఆ మాట ‘నిద్రాజనకం’. అర్థం: నిద్ర పుట్టించేది. ఉదాహరణలు: ఉయ్యాల, జోలపాట, మంత్రిగారి ప్రసంగం.

రాసింది మా అక్క మొగుడు. నిఘంటువు ఆఫీసులో ఆయన సంపాదకుడు, నేను స్టెనోని.

“ఏంటి బావా ఈ పని?” అన్నాను.

“అర్థం రాస్తే సరిపోదు కదోయ్, వాడుక కూడా చూపించాలి. స్వయంగా విని రాశాను.”

“మొత్తం విన్నావా?”

“ఎక్కడ? పడుకున్నాగా.”

అక్క మాత్రం తల పట్టుకుంది. ఆ ఇల్లు నడిచేది ఆ ఒక్క జీతంతోనే.

మంత్రిగారు కక్ష సాధించే మనిషి కారు. శాస్త్రీయంగా తేలుస్తానని ముగ్గురు ఆఫీసర్లతో కమిటీ వేశారు. వాళ్ల ముందు ఆయన ప్రసంగం చదువుతారు. ఒక్కరు కునుకు తీసినా బావ నిర్దోషి. ఎవరూ తీయకపోతే ఉద్యోగం ఊడుతుంది. “ఇంతకన్నా డెమోక్రసీ ఎక్కడుంటుంది?” అని మంత్రిగారే అడిగారు.

కాన్ఫరెన్స్ హాల్లో కమిటీ కొలువుదీరింది. మంత్రిగారు “ఈ శుభసందర్భంలో” అనగానే ఛైర్మన్‌గారు కనురెప్పలకు తలనొప్పి బామ్ పట్టించారు. పక్కాయన పెన్ను మొనతో తొడ పొడుచుకోవడం మొదలుపెట్టారు. మూడో ఆవిడకి ఏ ఏర్పాటూ అక్కర్లేకపోయింది. ఆవిడ ప్రమోషన్ ఫైలు మంత్రిగారి బల్ల మీదుంది. వాళ్ల కర్తవ్యదీక్ష చూసి నా ఒళ్లు పులకరించింది. మధ్యలో నేను కుర్చీలోంచి జారి కిందపడ్డాను గానీ, స్టెనోలు లెక్కలోకి రారట.

ప్రసంగం ‘సమగ్రాభివృద్ధి’ దాటి ‘బహుముఖ సమగ్రాభివృద్ధి’లోకి వచ్చేసరికి గొంతు ఆగిపోయింది. చూస్తే మంత్రిగారి తల మైకు మీద వాలి ఉంది. గురక హాలంతా స్పష్టంగా వినిపిస్తోంది.

“మరి, రుజువైనట్టే కదండీ?” అన్నాడు బావ ఆశగా.

“ఎలా అవుతుందయ్యా? నిద్ర వినేవాళ్లకి రావాలి గానీ చదివేవాళ్లకి కాదు. కమిటీ మెలకువగానే ఉంది,” అన్నారు ఛైర్మన్‌గారు, బామ్ మంటకి కారుతున్న కళ్లు తుడుచుకుంటూ. “నిన్ను తీసేసే ఆర్డరు టైపయిపోయింది. సారు లేచి సంతకం పెట్టడమే తరువాయి.”

“అంటే, ఆయన లేచేదాకా నా ఉద్యోగం ఉన్నట్టేనా?”

“రూలు ప్రకారం ఉన్నట్టే.”

బావ లేచాడు. ఫ్యాను స్పీడు పెంచాడు. కిటికీ తెరలు వేశాడు. మంత్రిగారి మోచేతి కింద నుంచి కాగితాలు మెల్లగా లాగి, ఆగిన చోటి నుంచి అదే ధోరణిలో చదవడం మొదలుపెట్టాడు. గురక ఇంకాస్త చిక్కబడింది.

విచారణ ముగిసినట్టు సంతకం చేసి, ఛైర్మన్‌గారు బల్ల మీద తల వాల్చారు.

“మొత్తం చదువు నాయనా, ఒక్క పేజీ కూడా వదలకు,” అన్నారు.