అల్లం వాపు

కళ్ళజోళ్ళాయన ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి ఒక అల్లం కొమ్మును ఫొటో తీయాలి. తొమ్మిదింటికి కళ్ళజోళ్ళ దుకాణం తెరవాలి. భార్య ఆ ఫొటో చూసిందో లేదోనని నిమిషానికోసారి ఫోను తీయకుండా ఉండాలి. మూడోది తనవల్ల కాదని ఆయనకూ తెలుసు.

భార్య రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. కొత్తగా తెరిచిన ల్యాబును నిలబెట్టమని, నాలుగు గంటల బస్సు ప్రయాణమంత దూరంలోని ఊరికి ఆమెను పంపి నాలుగు నెలలైంది. సెలవు అడిగినప్పుడల్లా అక్కడి మేడమ్ "వచ్చే వారం చూద్దాం" అంటుంది. పోనీ ఈయనే వెళదామంటే, ఆమె ఉండేది ఆడవాళ్ళ హాస్టల్లో. ఒకసారి వెళ్ళాడు. వరండాలో బల్ల మీద, వార్డెను కళ్ళెదుట, ఇద్దరూ గంటసేపు ఎండల గురించి మాట్లాడుకున్నారు.

ఫోనులో కూడా "తిన్నారా?", "తిన్నాను" దాటి మాట సాగేది కాదు. అందుకని ఆమే ఆయన్ను తనతోపాటు ఒక ఫొటోల పందెంలో చేర్పించింది. నలభై రోజులు, రోజుకో ఫొటో. ఇంట్లోనో వీధిలోనో రోజూ కనిపించే ఆకు, రాయి, ఈక, గింజ ఏదైనా సరే, ఎవరూ ఎప్పుడూ చూడనట్టు తీయాలి. అదేమిటో సాయంత్రం దాకా చెప్పకూడదు. దుకాణంలోని లావుపాటి అద్దాన్ని ఫోనుకు అడ్డం పెడితే వెల్లుల్లి పొట్టు మంచుకొండలా వస్తుందని కళ్ళజోళ్ళాయన మూడో రోజుకే కనిపెట్టేశాడు. అందరూ ఓహో అన్నారు. ఆయనకు మాత్రం ఆమె పెట్టే ఫొటోల మీదే ధ్యాస. నిన్న ఆమె పావురం ఈకను తీసింది. ఈక మీద ఆమె చేతి నీడ పడింది. ఆయన ఈకను వదిలేసి, ఆ నీడనే పెద్దది చేసుకుని చూశాడు.

ఆ రోజు తీయాల్సింది నేల కింద పెరిగేది. అల్లం కొమ్మును కడిగి, తెల్ల తువ్వాలు మీద పెట్టి, కిటికీ వెలుగులో తీశాడు. లేత గులాబీ రంగులో, ఉబ్బి, నిగనిగలాడుతూ అద్భుతంగా వచ్చింది. "ఇవాళ్టి పరిస్థితి ఇది. ఏమిటో చెప్పండి చూద్దాం" అని రాసి పంపి, ఫోను సొరుగులో పడేసి దుకాణం తెరిచాడు. పందెం వాట్సాప్ గుంపుకు పంపాననుకున్నాడు. అది వెళ్ళింది బంధువుల గుంపుకు.

పదిన్నరకు, ఒక పెద్దాయనను అక్షరాల పట్టిక ముందు కూర్చోబెట్టి చదివిస్తుంటే, రెండు వీధుల అవతల ఉండే అక్కయ్య వేడినీళ్ళ సంచితో ఊడిపడింది.

"కూర్చోరా ముందు! ఆ కాలేసుకుని నిలబడ్డావేంటి?"

"ఏ కాలు అక్కయ్యా?"

"నా దగ్గర దాపరికమా? ఫొటో చూసి నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు!"

కళ్ళజోళ్ళాయనకు అప్పుడు వెలిగింది. "అయ్యో, అది అల్లం!"

"అల్లం రాస్తే తగ్గే వాపట్రా అది? ఎవడు చెప్పాడు నీకీ వైద్యం?"

అంతవరకూ పట్టికలో అన్నిటికన్నా పెద్ద అక్షరాన్ని కూడా పోల్చుకోలేకపోయిన పెద్దాయన, ఆమె ఫోను అందుకుని ఒక్క చూపులో తేల్చేశాడు. "ఎముక విరిగిందమ్మా."

ఎదురుగా ఉన్న మందుల షాపాయన కట్టుగుడ్డ చుట్టలతో పరిగెత్తుకొచ్చాడు. ఇలా కాదని కళ్ళజోళ్ళాయన కుర్చీలో కూర్చుని, చూపించేద్దామని బూటు తాడు ముడి పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే, స్కూలు వ్యాను నడిపే బావమరిది రొప్పుతూ లోపలికొచ్చాడు.

"బావా, నువ్వు కదలకు! మా అక్క బయల్దేరింది. సెలవిచ్చారట. రెండింటికల్లా ఇక్కడుంటుంది."

ముడి మీద వేళ్ళు ఆగిపోయాయి. కళ్ళజోళ్ళాయన ఒక్క క్షణం కిటికీలోంచి వీధిలోకి చూశాడు. తర్వాత ముడిని ఇంకాస్త బిగించాడు.

"నొప్పిగానే ఉంది," అన్నాడు.

"ఏ కాలు?" అన్నాడు మందుల షాపాయన. అక్కయ్య ఎడమదంది. బావమరిది కుడిదన్నాడు. కళ్ళజోళ్ళాయన ఎటూ చెప్పలేక మూలిగాడు. బూట్ల మీదే రెండింటికీ కట్లు కట్టి, నలుగురూ మోసుకెళ్ళి వెనక గదిలో మంచం మీద పడుకోబెట్టారు. మోసినవారిలో కళ్ళు సరిగా కనిపించని పెద్దాయన కూడా ఉండటంతో తల గుమ్మానికి తగిలింది. ఆ రోజు ఆయనకు తగిలిన అసలు దెబ్బ అదే.

పడుకుని గడియారం చూస్తూ ఉన్నాడు. పాపం, ఎంత కంగారుపడుతూ వస్తోందో! నిజం తెలిస్తే మొహం కూడా చూడదేమో. అయినా వీధిలో ఆటో ఆగిన ప్రతిసారీ దిండు సర్దుకుని, జుట్టు దువ్వుకున్నాడు.

రెండూ పదికి ఆమె వచ్చింది. మనిషి కాస్త చిక్కింది. "మీరంతా కాసేపు బయట కూర్చోండి వదినా, నేను చూసుకుంటాను," అని తలుపు దగ్గరికి వేసింది. ఆయన లేచి కూర్చున్నాడు.

"నన్ను తిట్టు. అది నా కాలు కాదు. అల్లం."

"తెలుసు," అంది ఆమె మంచం అంచున కూర్చుంటూ. "ఆరు వేళ్ళున్నాయిగా."

"తెలిసే వచ్చావా?"

"ఫొటో మా మేడమ్‌కి చూపించాను. ఆవిడ లెక్కపెట్టలేదు." ఆమె నవ్వబోయి ఆగింది. "రోజూ మీ ఆకులు, రాళ్ళు చూశాననుకున్నారా? వెనకాల మన గోడ ఏ మూలైనా కనిపిస్తుందేమోనని వెతుక్కునేదాన్ని."

ఆయన దగ్గరికి జరిగాడు. ఆమె చెయ్యి పట్టుకున్నాడు. బయట అక్కయ్య, "విరిగిందా, బెణికిందా?" అని కేకేసింది.

"ఇప్పుడే చెప్పలేం వదినా!" అంది ఆమె, చెయ్యి వదిలించుకోకుండానే.

మూడు రోజులకిచ్చిన సెలవును, వాపు దిగని కారణంగా, పది రోజులకు పొడిగించారు.