హ్యూయీ డోలన్ ఊళ్ళోకి వచ్చిన రోజు

ఆ శనివారం పొద్దున మలాకీ డోలన్ పెట్టుకున్న పని ఒక్కటే. భార్య ఫిలోమినా చర్చిలో పువ్వులు సర్దడానికి వెళ్ళగానే తను ఊళ్ళోకి నడిచి, పత్రిక ఆఫీసులో ఒక ఉత్తరం ఇచ్చి, ఆవిడ తిరిగొచ్చేలోగా ఏమీ ఎరగనట్టు పొయ్యి దగ్గర కూర్చోవాలి. దారిలో ఒక సోడా రొట్టె కొంటే, ఎందుకు వెళ్ళాడన్న ప్రశ్నకు జవాబు చేతిలోనే ఉంటుంది.

ఉత్తరం ఫెర్గల్ మీద. ఫెర్గల్ స్వయానా ఫిలోమినా అక్క కొడుకు, కిల్‌డ్రమ్ ఫుట్‌బాల్ జట్టుకు కోచ్. పోయిన ఆదివారం పొద్దున సరిహద్దు దాటి, ఇంకా ఇంగ్లీషు పాలనలోనే ఉన్న అవతలి ఊళ్ళో యుద్ధస్మారకం ముందు జరిగిన సభకు వెళ్ళాడు. ఇంగ్లీషు సైన్యంలో చేరి చనిపోయిన ముత్తాత పేరు ఆ రాతి మీద ఉందట. వెళ్తే వెళ్ళాడు, ఇంగ్లీషు సైన్యంలో పోయినవాళ్ళ గుర్తుగా కోటుకు ఎర్ర గసగసాల పువ్వు పెట్టుకున్నాడు. అవతల ఆ కాగితం పువ్వు పెట్టుకోనివాణ్ణి వింతగా చూస్తారు. ఇంగ్లీషువాళ్ళతో పోరాడి విడిపోయిన ఇవతల పెట్టుకున్నవాణ్ణి అసలు చూడరు. చూపు మళ్ళించుకుని, పదేళ్ళ దాకా అలాగే ఉంటారు. ఆ ఫోటో కాస్తా పత్రికలో పడింది. క్లబ్బు అధ్యక్షుడైన మలాకీ మూడు రోజులు తంటాలు పడి ఉత్తరం రాశాడు. అది అచ్చయితే కమిటీ ఫెర్గల్‌ను తీసేయక తప్పదు. ముందే ఫిలోమినాకు తెలిస్తే ఆవిడ మలాకీని తీసేస్తుంది.

అతని అవస్థలు ఇంకా రెండున్నాయి. ఆదివారం మ్యాచ్‌లో రిఫరీని తిట్టీ తిట్టీ గొంతు పోయింది. గట్టిగా గాలి వదిలినట్టు గుసగుస తప్ప మాట రావడం లేదు. రెండోది, ముందురోజు ఆవు ఈనలేక అల్లాడితే దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నందుకు రోజూ తొడుక్కునే కోటు పాడై, ఉతికి తీగ మీద వేశారు. అందుకని బీరువాలోంచి తాతగారి నల్ల పొడుగు కోటు తీసి తొడుక్కున్నాడు. నడవలో కొక్కేనికి ఉన్న టోపీ నెత్తిన పెట్టుకున్నాడు.

ఆ టోపీ అతనిది కాదు. ఆవును చూడ్డానికి సరిహద్దు అవతలి నుంచి వచ్చిన పశువుల డాక్టరు కాత్‌కార్ట్ పొరపాటున మలాకీ టోపీతో వెళ్ళిపోయాడు. రెండూ ఒకే గోధుమరంగు. తేడా ఏమిటంటే, డాక్టరు టోపీ పట్టీకి వారమైనా తీయని ఎర్ర కాగితం పువ్వు గుచ్చి ఉంది. నడవ చీకటిగా ఉండటం వల్ల, ధ్యాసంతా ఉత్తరం మీదే ఉండటం వల్ల మలాకీ అది గమనించలేదు. మనిషి లోకంలో ఎవరి టోపీనైనా చూడగలడు, తను పెట్టుకున్నది తప్ప.

బయట మంచు దట్టంగా ఉంది. కంచె అవతల గొర్రెలు దగ్గుతున్నాయి గాని గొర్రెలు కనబడవు. కారు తీస్తే కాలవలో పడతానని మలాకీ నడిచే వెళ్ళాడు.

నవంబరు చనిపోయినవాళ్ళ నెల. కిల్‌డ్రమ్‌లో ఆ నెలంతా మంచులో ఎవరైనా ఎదురొస్తే ముందు కాళ్ళకేసి చూసి తర్వాత పలకరిస్తారు. ముసలివాళ్ళు హ్యూయీ డోలన్ పేరు మాత్రం గొంతు తగ్గించి చెబుతారు. మలాకీ తాతగారి తమ్ముడు. పద్దెనిమిదేళ్ళకే ఇంగ్లీషు సైన్యంలో చేరి ఫ్రాన్సు బురదలో పోయాడు. వాళ్ళ నాన్న ఆ ఇంట్లో మళ్ళీ అతని పేరెత్తనివ్వలేదు. పేరెత్తనందుకే అతను వెతుక్కుంటూ వస్తాడనీ, వచ్చిన రోజున డోలన్ల ఇంట్లో ఒకరు పోతారనీ ఊళ్ళో మాట.

రొట్టెల కొట్లో కన్సెప్టా అప్పుడే పొయ్యిలోంచి తీసిన ట్రేతో వెనక్కి తిరిగింది. తలుపు దగ్గర మంచులో నల్లకోటు నిలబడి ఉంది. పైన మలాకీ ముఖం. ఆ పైన ఎర్ర పువ్వు. మలాకీ తల తెగ్గోసుకుంటాడు గాని దాని మీద ఆ పువ్వు పెట్టుకోడు. కాబట్టి వచ్చింది మలాకీ కాదు. ఈ లెక్క ఆవిడ బుర్రలో పూర్తయ్యేసరికి ట్రే నేలమీద ఉంది.

"రొట్టె..." అన్నాడు మలాకీ, గాలి పీల్చినట్టు.

"తీసుకో నాయనా, అన్నీ తీసుకో," అంది కన్సెప్టా గోడకు అతుక్కుపోయి. "మా ఇంట్లోవాళ్ళు నిన్ను ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. అంటే గింటే మా అత్తగారు అనుంటుంది. ఆవిడ కూడా అక్కడే ఉంది, అడుగు!"

మలాకీ ఒకే ఒక్క రొట్టె తీసుకుని టోపీ కొంచెం ఎత్తి మర్యాద చేశాడు. కన్సెప్టా కళ్ళు మూసుకుని శిలువ గుర్తు వేసుకుంది. తెరిచేసరికి వాకిట్లో మంచు తప్ప ఏమీ లేదు.

ఆవిడ వెంటనే మాంసం కొట్టుకు ఫోన్ చేసింది. ఆ కొట్టు టర్లాది, క్లబ్బు కార్యదర్శి కూడా అతనే.

"హ్యూయీ వచ్చాడు టర్లా! మలాకీ ముఖం పెట్టుకుని మరీ వచ్చాడు. రొట్టె అడిగాడు!"

"దెయ్యానికి రొట్టె ఎందుకే?"

"నన్నడుగుతావేం? ఆకలితో పోయాడేమో! ముందు మలాకీ ఇంటికి ఫోన్ చెయ్యి."

టర్లా చేశాడు. ఫోన్ మోగింది, మోగింది, మోగుతూనే ఉంది. టర్లా రిసీవర్ పెట్టేసి, నెత్తిమీది టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు.

ఇదేమీ తెలియని మలాకీ వీధిలో నడుస్తున్నాడు. ఎదురొచ్చినవాళ్ళు మాట ఆపేసి కాలిబాట దిగి దారి ఇస్తున్నారు. అతను దగ్గరికి వచ్చేసరికి తలుపులు ఒక్కొక్కటే మెల్లగా మూసుకుంటున్నాయి. గడ్డం తీయించుకుంటున్న మనిషి సగం నురగతో అద్దంలోంచి అతన్ని చూసి మెడ తిప్పలేక అలాగే ఉండిపోయాడు. ఉత్తరం సంగతి ఎలాగో పొక్కిందని మలాకీ అనుకున్నాడు. ఊరు తనకింత గౌరవం ఇస్తుందని అతనెప్పుడూ ఊహించలేదు. ఛాతీ ముందుకొచ్చింది. అయినా వీపు మీద ఎక్కడో చిన్న చలి. గౌరవం ఇంత నిశ్శబ్దంగా ఉంటుందా?

పత్రిక ఆఫీసులో ఊనా అనే అమ్మాయి ఒక్కతే ఉంది. అతన్ని చూడగానే బల్ల కిందికి జారిపోయింది.

"ఎడిటర్‌కి ఇవ్వమ్మా," అని మలాకీ గుసగుసలాడి కవరు బల్ల మీద పెట్టాడు.

"ఇస్తానండీ," అంది కింది నుంచి ఏడుపు గొంతు. "నన్ను మాత్రం తీసుకెళ్ళకండి. నాకు పెళ్ళి కుదిరిందండీ."

ఈ కాలం పిల్లల తీరే అర్థం కాదనుకుని మలాకీ బయటపడ్డాడు. తిరుగుదారిలో వంతెన దగ్గర సిస్టర్లు నడిపే వృద్ధాశ్రమం ఉంది. దాని కింది గది కిటికీ తెరుచుకుని ఒక సన్నటి చెయ్యి బయటికొచ్చింది.

"హ్యూయీ!"

మలాకీ ఆగిపోయాడు.

"నిన్నేరా. లోపలికి రా. తలుపు తీసే ఉంది."

బ్రైడీ. తొంభై మూడేళ్ళ మనిషి. నాలుగేళ్ళుగా ఎవరితోనూ రెండు మాటలు కలిపింది లేదు. పిలిస్తే వెళ్ళకుండా ఎలా ఉంటాడు? వెళ్ళి మంచం పక్కన నిలబడ్డాడు. గదిలో గడియారం తప్ప ఏ చప్పుడూ లేదు. ఆవిడ కళ్ళు అతని ముఖం మీద కాక నెత్తి మీద నిలిచాయి.

"నేను హ్యూయీని కా..." గొంతులోంచి గాలి మాత్రమే వచ్చింది.

"మాట్లాడకు. విను. నువ్వు ఇంగ్లీషు రాజు కోసం వెళ్ళలేదు. మీ చెల్లెళ్ళు మంచులో చెప్పుల్లేకుండా బడికి వెళ్ళడం చూడలేక వెళ్ళావు. వెళ్ళేముందు ఆ వంతెన మీద నాతో చెప్పావు. ఈ మాట మీ నాన్నతో చెప్పడానికి మీ గుమ్మం దాకా వచ్చాను. కుక్కను వదిలాడు." ఆవిడ ఊపిరి తీసుకుంది. "నీ ఫోటో పొయ్యిలో పడేస్తే మీ అమ్మ వేళ్ళు కాల్చుకుని బయటికి తీసింది. ఇంట్లో ఉంచే ధైర్యం లేక నాకిచ్చింది. అది నా దగ్గరే ఉంది, భయపడకు."

దిండు కిందనుంచి ఒక మూల కాలిన ఫోటో తీసి చూపించింది. ఇంగ్లీషు యూనిఫాంలో మలాకీయే నిలబడి ఉన్నాడు. అదే గడ్డం, అవే చెవులు.

"వంగు," అంది బ్రైడీ. వంగాడు. ఆవిడ టోపీ అంచు మీద దేన్నో వేలితో నిమిరింది. "ఈ పువ్వు నీకు బాగుంది. ఇప్పుడు వెళ్ళు."

బయటికొచ్చి మలాకీ టోపీ తీశాడు. ఎర్ర పువ్వు అతనికేసి చూసింది. లోపలి గుడ్డ మీద సిరాతో కాత్‌కార్ట్ అని ఉంది. పొద్దుటినుంచి తనను చూసిన ముఖాలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

వంతెన మీద ఆగి పువ్వును ఏట్లో పడేద్దామని పిన్ను పట్టుకున్నాడు. వెనక అడుగుల చప్పుడు ఆగింది. తను నడిస్తే నడుస్తోంది, ఆగితే ఆగుతోంది. తిరిగి చూస్తే తెల్లటి మంచు. "ఎవరు?" అన్నాడు. గొంతు లేదు. ఏ పద్దెనిమిదేళ్ళవాడో అక్కడే, రైలింగు దగ్గర, తను ఏం చేస్తాడా అని కనిపెట్టుకుని ఉన్నట్టనిపించింది. చెయ్యి పిన్నును వదిలేసింది. పువ్వును అలాగే ఉంచి, టోపీ చేత్తో పట్టుకుని ఇంటికేసి గబగబా నడిచాడు. వెనక మంచులో కన్సెప్టా, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు పవిత్రజలం సీసాలతో గబగబా నడిచారు.

ఇంటిముందు పదిహేను కార్లున్నాయి. లోపల జపమాల సాగుతోంది. ఇంట్లో మలాకీ లేకపోవడం, కారు కదలకపోవడం, రోజువారీ కోటు తీగ మీద ఒంటరిగా వేలాడటం చూసి జనం ఒక నిర్ణయానికి వచ్చేశారు. నలుగురు చెరువు గాలిస్తున్నారు. శవం ఇంకా దొరకలేదు గాని శాండ్‌విచ్‌లు సిద్ధంగా ఉన్నాయి. అందరికంటే ముందు వచ్చి, పక్కిళ్ళ నుంచి కుర్చీలు మోసి, పిన్ని పక్కన నిలబడినవాడు ఫెర్గల్.

ఊనా ఆ కవరును పటకారుతో పట్టుకుని ఫాదర్ కీనన్‌కు అప్పగించింది. అక్షరాలు మలాకీవే. చివరి మాటలేవో రాసిపెట్టి వెళ్ళాడనుకుని ఫాదర్ అందరి ముందూ కవరు చించాడు.

"'ఎడిటర్ గారికి. ఈ ఎర్ర పువ్వు ఒంటిమీద పెట్టుకున్నవాడు ఎవడైనా సరే కిల్‌డ్రమ్ మట్టిలో పుట్టినవాడు కాడు. వాడికి ఈ ఊళ్ళో ఎవరూ కుర్చీ వేయకూడదు. ఫెర్గల్‌ను వెంటనే...'" ఫాదర్ గొంతు సన్నబడింది.

కుర్చీ పట్టుకుని ఉన్న ఫెర్గల్ దాన్ని నెమ్మదిగా కింద పెట్టాడు. సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది. నల్లకోటు, పాలిపోయిన ముఖం, చేతిలో టోపీ, టోపీకి పువ్వు. ఒక శాండ్‌విచ్ పళ్ళెం బద్దలైంది. టర్లా సోఫా వెనక్కి దూకాడు.

ఫిలోమినా లేచి దగ్గరికొచ్చి భర్త చెవి పట్టుకుని నొక్కింది. వెచ్చగా ఉంది.

"బతికే ఉన్నావా?"

మలాకీ తల ఊపాడు.

"సంతోషం. ఇప్పుడు నా చేతుల్లో పోతావు. నా అక్క కొడుకు మీద రాస్తావా? ఆ పువ్వేమిటి నెత్తికి?"

గది అంతా అతనికేసి చూస్తోంది. ఒక్కసారి టోపీ తిరగేసి లోపలి పేరు చూపిస్తే చాలు, అంతా తేలిపోతుంది. మలాకీ టోపీ తిరగేయబోయాడు. ఫెర్గల్ ముందున్న ఖాళీ కుర్చీ కనబడింది. టోపీని అలాగే గుండెకు ఆనించుకుని, గొంతులో మిగిలిన గాలి అంతా కూడదీసుకున్నాడు.

"మా హ్యూయీ," అన్నాడు. "హ్యూయీ డోలన్."

డెబ్భై ఎనిమిదేళ్ళ తర్వాత ఆ ఇంట్లో ఆ పేరు వినబడింది. గోడలేమీ కూలలేదు. మలాకీ ఫాదర్ చేతిలోంచి ఉత్తరం తీసుకుని పొయ్యిలో వేశాడు.

కాసేపటికి సోఫా వెనకనుంచి టర్లా గొంతు వచ్చింది. "మా తాత కూడా... మా బొగ్గుల గదిలో నూనె గుడ్డలో చుట్టిన మెడల్ ఒకటుంది. ఎవరికీ చెప్పకండి."

"మాకు రెండున్నాయి," అంది కన్సెప్టా గుమ్మంలోంచి రొప్పుతూ, మలాకీ వీపు మీద ఒక్కసారి పవిత్రజలం చల్లి. చెరువు దగ్గర్నుంచి తడిసి వచ్చినవాళ్ళు ముందు మలాకీని చూసి అరిచి, తర్వాత శాండ్‌విచ్‌లు అందుకుని, వాళ్ళూ ఇద్దరి ముగ్గురి పేర్లు చెప్పారు. ఫెర్గల్ మలాకీకి ఒక కుర్చీ వేశాడు. సోమవారం కమిటీ కూర్చుంది గాని ఫెర్గల్ మాట ఎవరూ ఎత్తలేదు.

మరుసటి ఆదివారం మలాకీ భార్యను వెంటబెట్టుకుని వృద్ధాశ్రమానికి వెళ్ళాడు. గొంతు సగం తిరిగొచ్చింది. ముసలావిడను మోసం చేశానన్న బాధ వారమంతా అతన్ని తినేసింది.

"బ్రైడీ, తప్పయిపోయింది. ఆ రోజు వచ్చింది నేను. మలాకీని. హ్యూయీని కాను."

బ్రైడీ టీ కప్పు దించింది. కళ్ళు గాజుముక్కల్లా మెరిశాయి.

"నాకు తెలీదనుకున్నావా? హ్యూయీ అందగాడు."

"మరి... ఎందుకలా పిలిచారు?"

"ఈ మాట మీ ముత్తాతకు చెప్పబోయాను, మీ తాతకు చెప్పబోయాను, మీ నాన్నకు చెప్పబోయాను. ఒక్కడూ నోరు మూసుకుని విన్న పాపాన పోలేదు. మీ వంశంలో గొంతు పోయిన మగవాడు దొరకడానికి నాకింత కాలం పట్టింది."

ఫిలోమినా అవునన్నట్టు తల ఊపింది. అవసరానికంటే మూడుసార్లు ఎక్కువే ఊపింది.