గుబులు తీసే శిబిరం

ఒక పెద్ద అడవిలో, మనుషులింకా పుట్టని రోజుల్లో, ఆరోగ్య సంఘం ఒకటి పెట్టారు. అధ్యక్ష పదవికి పులి ఒక్కటే నామినేషన్ వేసింది. మిగతావాళ్లు కూడా వేద్దామనుకున్నారు గానీ, వేయలేదు.

మొదటి సమావేశంలోనే పులి కళ్లు తుడుచుకుంది.

"మీరంతా గుండె దడతో బతుకుతుంటే చూడలేకపోతున్నాను. గుబులు ఒక జబ్బు. ఉచితంగా తీయిస్తాను."

వైద్యం ఎలుగుబంటి చేతిలో పెట్టారు. పుట్టలోంచి చెదల్ని పీల్చినట్టే, చెవికి మూతి ఆనించి గుబులు పీల్చి పక్కకి ఉమ్మేసేది. కుందేళ్లు, దుప్పులు, అడవిపందులు వరసకట్టాయి.

పైడమ్మ అనే కోతి కూడా వచ్చి నిలబడింది. దానికి అప్పటికే రెండు కాళ్ల మీద నడిచే పిచ్చి. ఒంటిమీద బొచ్చు రాలిపోయింది. మిగతా కోతిపిల్లలు పుట్టినరోజే తల్లి పొట్ట కరుచుకుంటాయి. దీని పిల్లకి పట్టుకోవడానికి బొచ్చు లేదు, మెడ నిలవదు, నడక ఎప్పటికొస్తుందో తెలీదు. పిల్ల నిద్రపోతే ఊపిరి ఆడుతోందా లేదా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేది.

"డాక్టరుగారూ, సగం తీయండి. పిల్ల నడిచేదాకా సగం ఉంచండి."

"సగం పీల్చడం నాకు రాదమ్మా. పీలిస్తే మొత్తం వచ్చేస్తుంది."

"అయితే వద్దులెండి."

"నీకే ఎక్కువుంది. ఇక్కడికే వినబడుతోంది."

"తెలుసండీ."

పక్కన దుప్పి నవ్వింది. "తీయించుకో వదినా. నాకు నిన్ననే తీశారు. పొద్దున్నించీ మా చిన్నది కనబడలేదు. ఏమీ అనిపించట్లేదు. ఎంత హాయిగా ఉందో."

"వెతికావా?"

"ఎందుకు?"

పైడమ్మ పిల్లని గట్టిగా పట్టుకుని వరసలోంచి బయటికొచ్చేసింది.

ఆ తర్వాత అడవి ప్రశాంతమైపోయింది. దుప్పి పులి ఎదురుగానే పడుకుని, "కాస్త జరుగుతారా, నీడ రావట్లేదు" అంది. పులి జరిగింది. తర్వాత తింది. కుందేళ్లు చూసి, "పాపం" అనుకుని గడ్డి మేశాయి.

ఫిర్యాదులు పూర్తిగా తగ్గాయని సంఘం తీర్మానించింది. ఫిర్యాదు చేసేవాళ్లు కూడా తగ్గారని ఎవరూ అనలేదు. తన చెవి తను పీల్చుకోలేదు కాబట్టి గుబులు అలాగే ఉండిపోయిన ఎలుగుబంటి మాత్రం సెలవు పెట్టి పారిపోయింది.

పులి పరుగు మానేసింది. భోజనమే నడిచొచ్చేది. పొట్ట నేలకి రాసుకునేది.

చివరికి పైడమ్మా, దాని పిల్లా మిగిలారు. పులి పొదలోంచి బయటపడేసరికి ఇద్దరూ చెట్టు మీదున్నారు.

"ఎందుకు ఎక్కావు? నేను చెకప్‌కి వచ్చాను" అంది పులి రొప్పుతూ.

"ఆకు కదిలిందండీ."

"గాలికి కదిలి ఉంటుంది."

"నిన్న గాలికే కదిలింది. నిన్నా ఎక్కాను. మొన్న తొండ. మొన్నా ఎక్కాను."

"ఇది జబ్బు పైడమ్మా."

"జబ్బేనండీ."

పులి ఎక్కబోయింది. పొట్ట ఒప్పుకోలేదు. కిందే కూర్చుంది. ఎదురొచ్చేవాళ్లెవరూ లేరు, వేట మర్చిపోయింది. కూర్చున్నచోటే చిక్కి చచ్చిపోయింది.

పిల్లకి కొమ్మల మీదే నడక వచ్చింది.

"అమ్మా, పులి పోయింది. ఎముకలు కూడా ఎండిపోయాయి. దిగుదామే."

"చూశానమ్మా."

"మరి?"

"ఇంకాసేపు ఉందాం. నువ్వు కొమ్మ గట్టిగా పట్టుకో."

పిల్ల పట్టుకుంది. దానికీ గుండె దడదడలాడింది. ఎందుకో దానికి తెలీదు. ఆ పిల్ల పిల్లలమే మనం.

గుబుల్లేనివాళ్లు హాయిగా బతుకుతారన్నది నిజమే, కాకపోతే వాళ్ల పిల్లలెవరూ ఈ కథ వినడానికి మిగల్లేదు.