గురవమ్మ బజ్జీల్లో బంగళా దెయ్యం

ఆ ఆదివారం రాజారత్నం మాస్టారు మూడు పనులు అనుకున్నారు. పొద్దున చర్చికి పోవడం, సాయంత్రం నాలుగింటికి తన వాకిట్లో మీటింగు పెట్టి పిల్లల్ని దెయ్యాల బారి నుంచి కాపాడటం, రాత్రికి సామాను సర్దుకుని మర్నాడు తల్లి మార్తమ్మను కంటి ఆపరేషన్‌కి గుంటూరు తీసుకుపోవడం. వీటిలో మొదటిది మాత్రం ఏ గొడవా లేకుండా జరిగింది.

దెయ్యాలంటే నిజం దెయ్యాలు కావు. ఎనభై నాలుగులో నరసరావుపేటలో నిజం దెయ్యాలకి చోటెక్కడిది? ఉన్న చోటంతా అద్దె పుస్తకాల కొట్లే. రోజుకు పావలా ఇస్తే చేతబడి, శవం, పాడుబడ్డ బంగళా, ఏది కావాలంటే అది ఇంటికొస్తుంది. పదో తరగతి పిల్లలు లెక్కల పుస్తకం మధ్యన వీటిని పెట్టుకుని చదువుతున్నారని, లెక్కలు చెప్పే మాస్టారికి కడుపుమంట. ‘పదహారేళ్లు నిండనివారికి ఇటువంటి పుస్తకములు అద్దెకివ్వరాదు’ అని ఒక తీర్మానం రాసి పెట్టుకున్నారు. పెద్దలచేత సంతకాలు పెట్టించి కొట్లవాళ్ల ముఖాన కొట్టాలని ఆయన పథకం.

చర్చి నుంచి వచ్చి, గుంటూరు ప్రయాణానికి దుప్పటి కోసం తల్లి ట్రంకుపెట్టె తెరిచారు. దుప్పటి కింద పురికొసతో కట్టిన కాగితాల కట్ట. పైన బొమ్మ: చీకటి బంగళా, అందులో ఒంటరి ఆడపిల్ల.

"ఏందే ఇది?" అన్నారు కూతురు ఫిలోమినాతో.

"సీరియల్ నాన్నా. చిలకలూరిపేట నుంచి అత్త పత్రికలోంచి చించి పంపిస్తది."

"నాయనమ్మ పెట్టెలో దాస్తావా? ప్రార్థన చేసుకునే ముసలామె పెట్టెలో దెయ్యాలా?"

ఫిలోమినా నాయనమ్మ వంక చూసింది. శుక్లాలతో ఏడాదిగా మనిషిని కూడా పోల్చుకోలేని మార్తమ్మ, ఇంటికప్పు వంక మహా శ్రద్ధగా చూస్తోంది.

"ఆఖరు భాగం నిన్ననే వచ్చింది. ఇంకా చదవలా. అదొక్కటీ ఇయ్యి నాన్నా."

"ఊళ్లో దెయ్యాల్ని తరిమేవోణ్ణి ఇంట్లో ఒకదాన్ని మేపుతానా?"

కట్ట చంకన పెట్టుకుని వీధి మూలకి పోయారు. అక్కడ గురవమ్మ మిరపకాయ బజ్జీలు వేస్తోంది. మీటింగుకి నలభైమందికి బజ్జీలు చెప్పి, పొట్లాలకి కాగితాల్లేవని గురవమ్మ అంటే, కట్ట ఆమె చేతిలో పెట్టారు. గురవమ్మకి చదువు రాదు కాబట్టి దెయ్యం ఆమెనేమీ చేయదని ఆయన లెక్క. జీవితంలో ఆయన లెక్క తప్పింది ఆ ఒక్కసారే.

పన్నెండింటికి, ఎదురుగా ఉన్న సైకిల్ షాపు సుభానీ వచ్చాడు. ఒక చేతికి గ్రీజు, ఒక చేతికి నూనె.

"మాస్టారూ, ఆ కాగితాలు మీయంటగా. సులోచన తలుపు తీసిందా లేదా?"

"ఏ సులోచన?"

"బంగళాలో పిల్ల. తాళమేసిన గదిలో ఎవురో దగ్గుతున్నారు. ఈ పిల్ల గొళ్లెం మీద చెయ్యేసింది. అక్కడికి కాగితం అయిపోయింది. తరవాతది వస్తదని ఇంకో నాలుగు బజ్జీలు కొన్నా. అందులో ఆ పిల్ల చిన్నతనం వచ్చింది."

"సిగ్గులేదూ, గడ్డం నెరిసినోడివి?"

"గడ్డం నెరిసింది గాబట్టే తొందర మాస్టారూ."

మాస్టారు అతణ్ణి సాగనంపి, రుచి చూద్దామని గురవమ్మ దగ్గర ఓ పొట్లం తెప్పించుకుని, ఉపన్యాసం రాసుకోవాలని గదిలో తలుపు వేసుకున్నారు. చాలాసేపు బయటికి రాలేదు.

ఈలోపు వీధి మూల కిటకిటలాడింది. టైలరు బషీరున్నీసా పొట్లం తెచ్చి, "ఇది ముందే చదివా, దగ్గుండే పొట్లం కట్టు" అంది. "నాకు ఉప్పు తెలుసు, కారం తెలుసు. దగ్గేడుందో నాకేం తెలుసు తల్లీ," అంది గురవమ్మ. మూడింటికి పిండి అయిపోయింది. మిగతా కథ మాస్టారి ఇంట్లో ఉందని ఎవరో అన్నారు. జనం అటు కదిలారు.

నలభైమంది వస్తారనుకున్న వాకిట్లో నూట పాతికమంది. సమాజం ఇంకా చెడిపోలేదని మాస్టారు పొంగిపోయారు. "చీకటి కథలు చదివితే పిల్లల బుర్రలు చీకటవుతయ్," అని మొదలెట్టారు. ఎవరూ తలెత్తలేదు. అందరి చూపూ ఒళ్లోని జిడ్డు కాగితాల మీదే. "నీది ఎన్నో భాగం?" అని గుసగుసలు.

తీర్మానాన్ని బలపరచాల్సిన చర్చి సంఘపెద్ద, మాస్టారి బావమరిది అంతోని లేచాడు.

"బావ చెప్పింది చానా నిజం. పిల్లలు చదవగూడదు. అట్టాగని పెద్దోళ్లం మనం సగంలో వదిలేస్తే ఏం బాగుంటది? పదమూడో భాగం ఎవురి దగ్గరుంది?"

జనం దేనికొచ్చారో మాస్టారికి అప్పుడు అర్థమైంది.

"ఫిలోమినా, ఇదంతా నీ నిర్వాకమే. ఇకనించి బడి పుస్తకం తప్ప ఇంకో పుస్తకం ముట్టుకుంటే..."

"దాన్నేం అనమాకురా రాజా," అంది మార్తమ్మ, గోడ పట్టుకుని బయటికొస్తూ. "ఆ దెయ్యం నాది."



"పిల్ల ఎనిమిది నెలల్నించి నాకు చదివి పెడతాంది. నీకు చెప్పొద్దని నేనే ఒట్టేయించుకున్నా. గుంటూరంటే నాకు భయం రా. కళ్లు కోస్తారంట. ఆ సులోచన దీపం గూడా లేకుండా తడుముకుంటా పోతాంటే, అదే పోయినప్పుడు నేను పోలేనా అనుకున్నా. అదేమైందో తెలీకుండా రేపు బస్సెక్కమంటే నా వల్ల గాదు."

 

ముందు సుభానీ లేచి తన కాగితాలు తెచ్చి మార్తమ్మ ఒళ్లో పెట్టాడు. తరవాత బషీరున్నీసా, అంతోని, ఒకరి వెనక ఒకరు. కారం దులిపి, మడతలు చదును చేసి, ముప్పై రెండు భాగాలూ వరసపెట్టారు. ఆఖరుదైన ముప్పై మూడో భాగం మాత్రం లేదు. గురవమ్మ బుట్ట వెతికారు, బెంచీల కింద వెతికారు.

రాజారత్నం మాస్టారు గొంతు సవరించుకుని, జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశారు.

"పొట్లంలో వచ్చింది," అన్నారు నేల చూపులు చూస్తూ. "నే చదువుతా."

"నువ్వొద్దు. నీకు తిట్టటమే వచ్చు, భయపెట్టటం రాదు. పిల్ల చదవాల," అంది మార్తమ్మ.

ఫిలోమినా చదివింది. సులోచన తలుపు తీసింది. లోపల దగ్గుతున్నది దెయ్యం కాదు, ఏళ్ల తరబడి ఆ గదిలో మగ్గిన గుడ్డి ముసలమ్మ. సులోచన ఆమె చెయ్యి పట్టుకుని, ఒక్కో మెట్టూ చెబుతూ వెలుగులోకి తీసుకొచ్చింది.

"నేనప్పుడే అనుకున్నా, దెయ్యాలకి దగ్గేందని," అంది మార్తమ్మ.  అందరి వైపూ చేతులు జోడించింది. "తిని పారెయ్యకుండా తెచ్చిచ్చారు. మీ కడుపులు చల్లగుండ. ఇంక నా కళ్లు ఎవురు కోసినా సరే."

మాస్టారు కూతురి తల మీద చెయ్యి పెట్టారు. "అన్ని మాటలన్నా గూడా చెప్పలేదేందే?"

"ఒట్టేశాగా నాన్నా."

"మంచి పని చేశావులే." ఆ ఇంట్లో అదే మొదటిసారి ఆయన నోటి నుంచి ఆ ముక్క రావడం.

తీర్మానం మీద ఒక్క సంతకమూ పడలేదు. మర్నాడు గురవమ్మ ఆ తీర్మానం కాగితంలోనే నాలుగు బజ్జీలు కట్టి, బస్సులో తినమని మార్తమ్మకిచ్చింది.